అక్క కొట్టిన ఒకటి

గుంటూరు అరండల్‌పేటలో మా సారు టైపు ఇన్‌స్టిట్యూట్ కింద ఉండేది, కంప్యూటర్ గది పైన ఉండేది. కింద మా అక్క టైపు నేర్పేది. పైన నేను సి అనే కంప్యూటర్ భాష నేర్చుకునేదాన్ని. కింద ఫ్యాన్ కూడా సరిగా తిరిగేది కాదు, పైన మాత్రం ఏసీ. మనుషులకు లేని ఏసీ ఆ డబ్బాలకెందుకని మొదటి రోజే సారుని అడిగేశాను.

"అవి ఎండకి ఆగవమ్మా" అన్నారాయన.

"మేం ఆగుతామా సార్?" అన్నాను. నా నోరు అప్పటినుంచీ ఇంతే. ఆయన నవ్వేసి, చెప్పులు బయట వదిలి లోపలికి రమ్మన్నారు.

ఎనభైల చివరి రోజులవి. మా నాన్న అద్దంకి అవతల ఒక పల్లెలో మిషన్ బడి మాస్టారు. అక్క టైపు హయ్యర్ పాసై గుంటూరులో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరింది. డిగ్రీ అయ్యాక నేను పెట్టె సర్దుకుని ఆమె గదిలో దిగాను. తిండీ, బట్టా, చదువూ అన్నీ అక్క మీదే. అయినా ఆమెతో రోజుకో గొడవ పెట్టుకునేదాన్ని. అక్క మాత్రం గొడవకి దొరికేది కాదు. నేను అరిచి అలిసిపోయేదాకా ఆగి, "అన్నం తిందువు రా" అనేది. అది నాకు ఇంకా మంట.

టైపు మిషన్ ముందు కూర్చుంటే మాత్రం అక్కని చూసి తీరాలి. కళ్ళు పక్కనున్న కాగితం మీద ఉండేవి, చేతులు వాటి దారిన అవి పోతుండేవి. వెనక ఎవరైనా తప్పు మీట కొడితే చప్పుడు విని పట్టేసేది. తల తిప్పకుండా "మళ్ళీ కొట్టు" అనేది, తన చేతులు ఆపకుండానే. మీటల వైపు చూసేవాళ్ళంటే ఆమెకు చిరాకు. కొత్తగా చేరినవాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పి కొట్టించేది.

మా సారుకి సి కొత్తే. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న జిరాక్స్ పుస్తకం ఒకటి ఉండేది. అందులో తను ముందు చదువుకుని మర్నాడు మాకు చెప్పేవారు. ఎవరైనా రెండు పేజీల అవతలి సందేహం అడిగితే "అది రేపటి పాఠం" అనేవారు. పాపం, అది అబద్ధం కూడా కాదు.

మొదటి పాఠం, కీబోర్డు మీద ఒక అక్షరం కొడితే దాన్ని చదివి తెర మీద చూపించే ప్రోగ్రాం. గెట్‌చార్ అని రాస్తే చాలు, అదే చదువుకుంటుందన్నారు. రాశాను. ఏ కొట్టాను, చలనం లేదు. బి కొట్టాను, లేదు. కోపమొచ్చి గట్టిగా కొట్టబోతుంటే సారు పరిగెత్తుకొచ్చి, "ఎంటర్ కొట్టమ్మా, ఎంటర్" అన్నారు. అది కొట్టాక కదిలింది. గెట్‌చార్ తీరే అంత. సీట్లు నిండేదాకా బండి కదపని ట్రిప్పు జీపు డ్రైవరు లాగా, ఎంటర్ కొట్టేదాకా అక్షరాలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి ఉంచుతుంది. పైగా ఆ ఎంటర్ కూడా దాని దృష్టిలో ఒక అక్షరమే. తర్వాత మనం ఇంకో అక్షరం అడిగితే కొత్తది చదవదు, వెనక మిగిలినవాటిని ఒక్కొక్కటే దింపుతుంది. ఈ సంగతి తెలియక మా బ్యాచ్ అంతా కొన్నాళ్ళు లోలోపల తిట్టుకున్నారు. నేను పైకే తిట్టాను.

గెట్‌చ్ అని దానికో చెల్లెలుంది. అది ఎంటర్ కోసం ఆగదు. మీట నొక్కీ నొక్కగానే అందుకుంటుంది. నాకు అదే నచ్చింది.

ఆ వేసవిలో సారు ఒక కబురు బయటపెట్టారు. టైపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు, కింది హాల్లో సగం మిషన్లు తీసేసి అక్కడ కూడా కంప్యూటర్లు పెడతారట. "సగం మిషన్లకి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఎందుకమ్మా" అని అక్కతో మెల్లగా అన్నారు. రెండో ఇన్‌స్ట్రక్టరు సారు మరదలు. కాబట్టి పోయేది ఎవరో అడగక్కర్లేదు. అక్క ఉద్యోగం పోతే అక్క ఊరికి, ఆమె వెనకాలే నేనూ ఊరికి. ఆ ఊళ్ళో హయ్యర్ పాసైన చేతులతో చేయగలిగే పని మిరపకాయలు కోయడం ఒక్కటే.

కాకపోతే సారు చెడ్డమనిషి కాదు. దారి కూడా ఆయనే చూపించారు. నరసరావుపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆసామి కంప్యూటర్ కొనాలని తిరుగుతున్నాడు. రైతులు మిరపకాయల గోతాలు తెచ్చి అక్కడ పెట్టుకుని, ధర వచ్చినప్పుడు తీసుకుంటారు. ఆ గోతాన్ని మా వైపు టిక్కీ అంటాం. ఎవరి టిక్కీలు ఏ గదిలో పడ్డాయో వెతకడానికే వాళ్ళకి సగం రోజు పోతుంది. దానికొక ప్రోగ్రాం కావాలి, ఆ ప్రోగ్రాం ముందు కూర్చుని చకచకా కొట్టే మనిషి కావాలి.

"కంప్యూటర్ నాది, ప్రోగ్రాం నీది, స్పీడు మీ అక్కది" అన్నారు సారు. ఆసామి మా దగ్గరికే వచ్చి చూస్తాడు. నచ్చిందంటే అక్కకి అక్కడ ఆపరేటర్ ఉద్యోగం ఖాయం.

ప్రోగ్రాం పెద్దదేం కాదు. రైతు పేరు, ఊరు, టిక్కీలు ఎన్ని, ఏ గది అని వరసగా అడుగుతుంది. అంకె కొట్టాల్సిన చోట ఇంకేదైనా కొడితే ఒక కూత కూసి మళ్ళీ అడుగుతుంది. ఆ కూత పెట్టాలన్నది నా తెలివే. అంకెలు చదవడానికి పుస్తకంలో ఉన్న స్కాన్‌ఎఫ్ వాడాను. రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొట్టి చూశాను. ఎక్కడా తడబడలేదు. సారు చూసి "భేష్" అన్నారు. ఇక అక్కని కూర్చోబెట్టాం.

అక్క పేరు కొట్టింది, ఊరు కొట్టింది, టిక్కీలు కొట్టింది. అంతే, కంప్యూటర్ కూత అందుకుంది. ఒక కూత కాదు, ఆగని కూత. తెర మీద "అంకె కొట్టండి, అంకె కొట్టండి" అన్న వరస పైకి పరుగెడుతూనే ఉంది. ఏ మీట నొక్కినా ఆగదు. కింద టైపు కొడుతున్న వాళ్ళందరూ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. సారు కంగారుగా ప్లగ్గు పీకేశారు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసింది.

మళ్ళీ పెట్టాం. ఈసారి ఒక రైతుది సాఫీగా వెళ్ళిపోయింది. తర్వాతి రైతు దగ్గర మళ్ళీ కూత. ఒకసారి టిక్కీల దగ్గర కూసేది, ఒకసారి టిక్కీలు దాటి గది నంబరు దగ్గర కూసేది. సారు ముందు ఓల్టేజీ అన్నారు. తర్వాత ఫ్లాపీ అన్నారు. ఆ తర్వాత కీబోర్డులో మిరపకాయల దుమ్ము పడిందని తిరగేసి ఊది, ఆయనే తుమ్మారు. అన్నీ అయ్యాక తేలింది ఒక్కటే. నేను కూర్చుంటే నడుస్తుంది, సారు కూర్చుంటే నడుస్తుంది, అక్క కూర్చుంటే కూత.

సారు గొంతు తగ్గించి, "నాకు పట్టింపుల్లేవు గానీ, కొందరి చెయ్యి కొన్నిటికి కలిసిరాదమ్మా. ఆసామి ముందు మీ బ్యాచ్‌లో అబ్బాయినెవర్నైనా కూర్చోబెడదాం" అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏదో అనబోతే అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

గదికొచ్చాక అక్క బియ్యం కడుగుతూ అంది. "ఒసేయ్, సారు చెప్పినట్టే చెయ్యి. ఇంకెవర్నైనా కూర్చోబెట్టు. నీ ప్రోగ్రామన్నా నిలబడుద్ది. నాకది రాదులే."

అక్క నోట "నాకు రాదు" అన్న మాట నేను అంతవరకు వినలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కోపంగా ఉందనుకున్నాను గానీ, అది భయం. ఇన్నాళ్ళూ నేను అరిచిందంతా అక్క నిబ్బరంగా ఉంటుందన్న ధైర్యంతోనే అని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే, బ్యాచ్ మొదలవక ముందే అక్కని పైకి తీసుకెళ్ళాను. గెట్‌చ్‌తో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఏ మీట నొక్కితే ఆ మీట నంబరు చూపించడమే దాని పని. కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక నంబరు పెట్టుకుంటుంది. మన కంటికి కనిపించేది అక్షరం, దానికి కనిపించేది ఆ నంబరు. అక్క చేతిలోంచి దానికి ఏం చేరుతోందో చూద్దామనుకున్నాను.

అక్క కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"అక్కా, దేవుడికి సి రాదే" అన్నాను.

"నీకన్నా బాగానే వచ్చుద్ది. నోర్ముయ్" అంది కళ్ళు తెరవకుండానే.

పేర్లు కొట్టించాను, నంబర్లు సరిగ్గానే పడ్డాయి. ఊర్లు కొట్టించాను, అవీ సరిగ్గానే పడ్డాయి. "ఇప్పుడు ఇరవై ఒకటి కొట్టు" అన్నాను. టకటకమని కొట్టింది. తెర మీద మొదట యాభై పడింది. రెండు అన్న అంకెకి కంప్యూటర్ పెట్టుకున్న నంబరు అది, సరే. ఆ తర్వాత ఒకటికి నలభై తొమ్మిది పడాలి. నూట ఎనిమిది పడింది. మళ్ళీ కొట్టించాను, మళ్ళీ నూట ఎనిమిదే. సారు పుస్తకం వెనక ఉన్న పట్టిక తిరగేశాను. నూట ఎనిమిది అంటే ఇంగ్లిషు చిన్న ఎల్.

"అక్కా, ఒకటి కొట్టమంటే ఎల్ కొడతావేందే?"

అక్క నా వైపు జాలిగా చూసింది. "ఒకటి కొట్టమంటే ఎల్ కాక ఇంకేం కొడతారు?"

"ఇదిగో, ఒకటి ఇక్కడుంది. పై వరసలో."

అక్క వంగి, బహుశా ఆ కీబోర్డు వంక మొదటిసారిగా చూసింది. చాలాసేపు చూసింది. "ఇదెందుకు పెట్టారు?" అని అడిగింది.

నేను మెట్లు దిగి కిందికి పరిగెత్తాను. హాల్లో మిషన్లన్నీ పాతవి. ఒక్కొక్క దాని ముందూ వంగి పై వరస చూశాను. ప్రతి దాని మీదా అంకెలు రెండు దగ్గరే మొదలవుతున్నాయి. ఒకటి లేనేలేదు. చిన్న ఎల్ కొడితే కాగితం మీద ఒకటిలాగే పడుతుంది కాబట్టి, చేసినవాడు ఒక మీట మిగుల్చుకున్నాడు. గుంటూరులో టైపు నేర్చిన ప్రతి మనిషీ ఒకటి అంటే ఎల్ మీద వేలేసేవాళ్ళే. నేనూ సారూ రెండు వేళ్ళ బాపతు కాబట్టి మీటల మీద ఉన్నది చూసి కొట్టాం. అక్కకి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మిగతాది విప్పడం తేలికైంది. స్కాన్‌ఎఫ్‌కి అంకె కావాలి. ఎల్ అంకె కాదు కాబట్టి దాన్ని తీసుకోదు, అలాగని పారేయదు కూడా. వరసలో ఉన్న చోటే వదిలేస్తుంది. నా ప్రోగ్రాం కూసి మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ ఎదురుగా అదే ఎల్. ఇరవై ఒకటి కొడితే రెండు తీసుకుని ఎల్‌ని మిగులుస్తుంది, అది పోయి గది నంబరు దగ్గర అడ్డం పడుతుంది. ఒకటి లేని అంకె వచ్చినప్పుడు అంతా సవ్యంగా నడుస్తుంది. పైకొచ్చి ఇదంతా చెప్తుంటే నాకు నవ్వాగలేదు. అక్క ముందు గుర్రుగా చూసింది. తర్వాత తనూ మొదలుపెట్టి, పైట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

సారు విని ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకేం, పై వరసలో ఒకటి కొట్టడం అలవాటు చేసుకో అమ్మా" అన్నారు. అక్క ప్రయత్నించింది. నెమ్మదిగా కొడితే సరిగ్గా పడేది. కాస్త స్పీడందుకోగానే కుడిచేతి ఉంగరపు వేలు తనంతట తనే ఎల్ మీదికి పోయేది. ఏళ్ళ అలవాటు మరి. ఆసామి వచ్చే రోజు దగ్గర పడింది.

"అక్క వేలు మార్చడం నావల్ల కాదు సార్. ప్రోగ్రాం మారుస్తాను" అన్నాను.

"ఎల్‌ని ఒకటి అనుకోమని కంప్యూటర్‌కి చెప్తావా? తప్పు కదమ్మా. నలుగురూ నవ్వుతారు."

"ఊళ్ళో టైపు నేర్చిన వాళ్ళందరూ అట్టాగే కొడుతుంటే అది తప్పెట్టా అవుద్ది సార్?"

నేను స్కాన్‌ఎఫ్‌ని పీకేసి, అంకెలు అడిగే చోటల్లా గెట్‌చ్ పెట్టి ఒక్కొక్క అక్షరాన్నీ నేనే అందుకున్నాను. అంకె వస్తే తీసుకోవడం. ఎల్ వస్తే ఒకటి కింద రాసుకోవడం. మరేది వచ్చినా ఒక్క కూత కూసి అక్కడికక్కడే పారేయడం. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, గెట్‌చ్ అందుకున్న అక్షరం తెర మీద దానంతటది కనపడదని. అది కూడా నేనే వేయాలి. తప్పు కొట్టి చెరుపుకోవడం అన్నిటికన్నా ఏడిపించింది. వెనక్కి జరిగితే పాత అక్షరం అక్కడే కూర్చుంటోంది. వెనక్కి జరిగి, దాని మీద ఖాళీ పెట్టి, మళ్ళీ వెనక్కి జరగాలి. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అక్క అడ్డదిడ్డంగా ఎంత కొట్టినా ఇక అది ఆ ఆగని కూతకి దిగలేదు.

ఆసామి వచ్చాడు. వెంట ఆయన గుమాస్తా గారు, వయసులో మా నాన్న కన్నా పెద్దాయన. ఇద్దరూ నేరుగా టిక్కీలు దించే చోటు నుంచి వచ్చినట్టున్నారు, చొక్కాల నిండా ఎర్రటి దుమ్ము. ఏసీ గది తలుపు మూయగానే అందరికీ తుమ్ములు మొదలయ్యాయి. సారు తుమ్ముతూనే కంప్యూటర్ గొప్పలు చెప్పారు. గుమాస్తా గారు చీటీలు చూసి పేర్లు చదువుతుంటే అక్క కొడుతూ పోయింది. ఆయన నోరు ఆగడం, ఆమె చేతులు ఆగడం ఒకేసారి జరిగేవి. ఆసామి తెర చూడటం మానేసి అక్క చేతులే చూస్తున్నాడు.

"బాగుందండీ" అని గుమాస్తా గారి వైపు తిరిగాడు. "మీరూ ఒకసారి కూర్చోండి."

ఆయన వద్దు వద్దంటూనే కూర్చున్నారు. కుర్రతనంలో టైపు లోయర్ పాసయ్యారట. తడుముకుంటూ ఒక పేరు కొట్టారు, ఊరు కొట్టారు. టిక్కీలు పదకొండు. ఆయన ఉంగరపు వేలు రెండుసార్లు ఎల్ మీద పడటం చూశాను. తెర మీద పదకొండు పడింది. ఆయనకి అందులో విశేషమేమీ కనపడలేదు, తర్వాతి గడికి వెళ్ళిపోయారు.

ఆసామి మొహం విప్పారింది. "మొన్న విజయవాడ నుంచి ఒకళ్ళు ఇట్టాంటిదే తెచ్చి చూపించారండీ. ఈయన కూర్చోగానే ఒకటే మోత. మిషన్ పాడుచేశావయ్యా అని పదిమందిలో కేకలేశాను కూడా. మీదే నయం. ఇదే తీసుకుంటాం." నేను గాల్లో తేలిపోయాను. సారు వైపు చూసి కళ్ళెగరేశాను కూడా. అప్పుడు ఆసామి మామూలుగానే అన్నాడు. "మరి మా మనిషే చేసుకోగలిగినప్పుడు వేరే ఆపరేటర్ ఎందుకండీ?"

ఆయనన్నదాంట్లో తప్పు లేదు. అక్కకని నేను రాసిన ఆ కాస్తే అక్క ఉద్యోగానికి ఎసరు పెట్టింది. గుమాస్తా గారు కుర్చీలోంచి సగం లేచి, అక్కని చూసి ఇబ్బందిగా మళ్ళీ కూర్చున్నారు.

అక్క పైట సర్దుకుని ముందుకొచ్చింది. "నిజమేనండీ, నేనెందుకు? మీ పని గుమాస్తా గారికి తెలిసినట్టు నాకు తెలియదు. కాకపోతే ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నారు. సీజన్లో గేటు ముందు బళ్ళు వరస కడతాయండి. రోజూ సాయంత్రం ఇక్కడికి పంపండి, నేను నేర్పుతాను. ఈ గదిలోనే నా బ్యాచ్ ఉంది. మీకు తెలిసిన కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులవాళ్ళ గుమాస్తాలున్నా చెప్పండి."

నేను సారు వైపు చూశాను. సారు నా వైపు చూశారు. పైన అలాంటి బ్యాచ్ ఏదీ లేదు.

"ఉందాండీ అట్టాంటి బ్యాచ్?" అన్నాడు ఆసామి, సారుతో.

అక్క కూడా సారు వైపే చూస్తోంది. అడగడం రాని మనిషి ఆమె, అడిగేసింది. సారు ఒకసారి గట్టిగా తుమ్మి, మొహం తుడుచుకుని, "ఉందండీ. ఆవిడదే" అన్నారు.

ఆ నెలలోనే బ్యాచ్ మొదలైంది. కోల్డ్ స్టోరేజీలవాళ్ళు, పత్తి మిల్లులవాళ్ళు, పొగాకు కంపెనీలవాళ్ళు, ఎప్పుడో లోయర్ పాసై వేళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు, అందరూ మెట్ల మీద చెప్పుల వరస వదిలి లోపలికొచ్చి చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. వేళ్ళు వదులయ్యేదాకా ముందు కింద టైపు కొట్టి రావాలని అక్క రూలు పెట్టింది. దాంతో కింది మిషన్లు ఒక్కటీ కదల్లేదు, సారు మరదలికీ చేతినిండా పనే. మొదటి రోజు ఒకాయన భయం భయంగా లేచి, "మేడం, దీని మీద ఒకటి ఎక్కడ కొట్టాలండీ?" అని అడిగారు.

"పై వరసలో ఉందండీ. మీ వేలు అలవాటు కొద్దీ ఎల్ మీదికి పోతే పోనివ్వండి, ఒకటే పడుద్ది" అంది అక్క. నన్ను చూపించి, "మీలాంటివాళ్ళ కోసమే మా చెల్లి అట్టా రాసింది" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. అడిగినాయన తలుపు దగ్గరున్న నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. సారుతో ఊరందరి పేరూ చెప్పి వాదించానే గానీ, నేను రాసింది ఎవరి కోసమో కాదు, ఒక్క అక్క కోసం. ఆ మాటే చెప్పబోయాను. అక్క అప్పటికే బోర్డు వైపు తిరిగి, మేమెవ్వరం ఎప్పుడూ విననంత గట్టి గొంతుతో పాఠం మొదలుపెట్టేసింది. ఆపబుద్ధి కాక, నేనూ వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను.